భుజం కీలు మృదులాస్థి గాయాలు

భుజం కీలులోని గుంటకు అంచు కట్టినట్టు చుట్టూ ఉండే మెత్తని వలయం పేరు లాబ్రమ్. అది చిరగడం, ఎముకను వదిలి ఊడిపోవడం, నలిగి పీచులు లేవడం, వీటితో పాటు ఎముకల కొసలకు పూతలా ఉండే నున్నటి మృదులాస్థి పెచ్చులూడటం, ఇవన్నీ భుజం కీలు మృదులాస్థి గాయాల కిందికి వస్తాయి. వీటిలో లాబ్రమ్ గాయాలదే పెద్ద వాటా. కబడ్డీ కోర్టులో ఒక్క లాగుతో అయ్యే గాయమూ ఇదే. ఏళ్ల తరబడి బంతి విసిరి విసిరి తెచ్చుకునేదీ ఇదే. యాభై దాటినవారికి నొప్పి లేకపోయినా స్కానింగ్‌లో కనిపించేదీ ఇదే. మూడింటికీ రిపోర్టులో పడే మాట ఒక్కటే, 'లాబ్రల్ టేర్'. వైద్యం మాత్రం మూడింటికీ మూడు దారులు. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ తేడాకే కేటాయించాం.

కీలు నిర్మాణం

దండచేయి ఎముక తల గుండ్రటి బంతి. రెక్క ఎముక పక్కభాగంలో ఉన్న గ్లీనాయిడ్ అనే గుంటలో అది తిరుగుతుంది. గుంట అని అంటున్నాం గానీ అది పళ్లెం అంత లోతే. తుంటి కీలులో బంతి గిన్నెలో దిగి కూర్చుంటుంది, భుజంలో మాత్రం సాసరుకు ఆనుకుని నిలబడుతుంది. ఏ క్షణాన చూసినా బంతిలో పావు నుంచి మూడో వంతు భాగమే గుంటను తాకుతూ ఉంటుంది. అటక మీది డబ్బా అందుకోవాలన్నా, వీపు గోక్కోవాలన్నా ఈ వదులే మనకు ఆధారం. శరీరంలోని పెద్ద కీళ్లలో తరచుగా జారేది భుజమే కావడానికి కారణమూ ఈ వదులే.

గుండ్రటి అడుగున్న కుండను నేల మీద పెడితే దొర్లుతుంది. అందుకని కింద చుట్టకుదురు పెట్టేవారు. లాబ్రమ్ అచ్చంగా ఆ కుదురే. గుంట మొత్తం లోతులో దాదాపు సగం దీని పుణ్యమే. బంతి చుట్టూ ఒరుసుకుని ఉండటం వల్ల లోపల గాలి చొరబడదు. అడుగు తడిసిన స్టీలు గ్లాసు గట్టు మీది రాతికి అతుక్కుపోయినట్టు బంతి గుంటకు అతుక్కుని ఉంటుంది. కుదురు ఒక పక్క తెగితే ఆ పట్టు పోతుంది, కుండ ఆ పక్కకే ఒరుగుతుంది.

లాబ్రమ్ చాలావరకు గట్టి పీచు కణజాలం. ఎముకకు అంటుకునే చోట మాత్రం పీచు మృదులాస్థి. దాని పని గుంటను లోతు చేయడంతో ఆగదు. కీలును పట్టి ఉంచే లిగమెంట్లు ముందు, కింద భాగాల్లో దీనికే ముడిపడి ఉంటాయి. పైభాగంలో కండ కండరం (బైసెప్స్) పొడవు టెండన్ దీనిలో కలిసిపోతుంది. శస్త్రవైద్యులు ఈ వలయాన్ని గడియారంలా చదువుతారు. కుడి భుజంలో పన్నెండు గంటల చోటు పైన, మూడు ముందు, ఆరు కింద, తొమ్మిది వెనక. పదకొండు నుంచి మూడు దాకా ఉన్న పై, ముందు భాగానికి రక్తప్రసరణ తక్కువ. అక్కడి గాయం దానంతట అది మానడం కష్టం.

ఇక్కడే ఒక చిక్కుంది. కొంతమందికి పుట్టుకతోనే ముందు పైభాగంలో లాబ్రమ్ కింద చిన్న రంధ్రం ఉంటుంది. మరికొంతమందికి ఆ చోట లాబ్రమే ఉండదు, బదులుగా తాడులాంటి మందపాటి లిగమెంటు ఉంటుంది. రెండోదాన్ని బ్యూఫోర్డ్ కాంప్లెక్స్ అంటారు. ఇవి జబ్బులు కావు, నిర్మాణంలో తేడాలు. చిరుగని పొరబడి వీటిని ఎముకకు కుట్టేస్తే ఆ చెయ్యి బయటికి తిరగడం తగ్గిపోతుంది.

గాయం ఎలా అవుతుంది

కబడ్డీ రైడరు చెయ్యి పక్కకు చాచి గీత వైపు ఒరిగాడు. డిఫెండరు మణికట్టు దొరకబుచ్చుకుని వెనక్కి మెలితిప్పాడు. భుజం ఎత్తులో ఉన్న చెయ్యి బయటికి, వెనక్కి తిరిగిన ఆ భంగిమలో బంతిని ఆపేది గుంట ముందు కింది అంచు ఒక్కటే. ఒత్తిడి హద్దు దాటితే బంతి ముందుకు, కిందికి జారుతూ మూడు నుంచి ఆరు గంటల దాకా ఉన్న లాబ్రమ్‌ను ఎముక నుంచి ఒలిచేస్తుంది. దీని పేరు బ్యాంకార్ట్ గాయం. కొన్నిసార్లు అంచు ఎముక ముక్క కూడా దాంతో ఊడి వస్తుంది. జారిన బంతి వెనక భాగం గుంట అంచుకు గుద్దుకుని సొట్ట పడితే అది హిల్–శాక్స్ గాయం. గూడ జారిన ఘటనల్లో నూటికి తొంభై అయిదుకు పైగా ఈ ముందు వైపువే. కబడ్డీతో పాటు బైకు మీంచి చెయ్యి చాచి పడటం, క్రికెట్లో బంతి కోసం డైవ్ చేయడం, కుస్తీ, ఇవన్నీ దీనికి మామూలు కారణాలు.

వెనక వైపు జారడం అరుదు, కానీ మోసకారి. మూర్ఛ వచ్చినప్పుడు, కరెంటు షాక్ కొట్టినప్పుడు భుజం చుట్టూ ఉన్న కండరాలన్నీ ఒక్కసారిగా బిగుస్తాయి. లోపలికి తిప్పే కండరాలకు బలమెక్కువ కనుక బంతి వెనక్కి పోతుంది. ఎదురుగా తీసిన ఒక్క ఎక్స్‌రేలో అది ఇంచుమించు మామూలుగానే కనిపిస్తుంది. అందుకే ఇది వారాల తరబడి కనిపెట్టకుండా పోవడం వైద్యంలో పాత కథ. మూర్ఛ తర్వాత భుజం నొప్పి అంటున్న మనిషి చెయ్యి బయటికి తిప్పలేకపోతున్నాడంటే పక్కనుంచి కూడా ఎక్స్‌రే తీయకుండా ఇంటికి పంపకూడదు. జిమ్‌లో బరువైన బెంచ్ ప్రెస్ చేసేవారికి మాత్రం కీలు జారకుండానే వెనక లాబ్రమ్ కొద్దికొద్దిగా చిరుగుతుంది.

మూడోది పైభాగం గాయం, దీన్ని స్లాప్ అంటారు. జావెలిన్, బేస్‌బాల్ విసిరేవారిలో, వాలీబాల్ స్మాష్ కొట్టేవారిలో చెయ్యి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ కండ టెండన్ మెలి తిరిగి తన మొదలును, అంటే పై లాబ్రమ్‌ను, గుంట అంచు నుంచి ఒలుస్తూ ఉంటుంది. అరటి తొక్కను కొసన పట్టి తీసినట్టు. పడబోతూ చెయ్యి ఊనినప్పుడో, జారిపోతున్న బరువును చప్పున పట్టుకున్నప్పుడో ఇదే గాయం ఒక్క దెబ్బతో కూడా అవుతుంది.

నాలుగోదానికి కారణం వయసు. నలభై దాటాక పై లాబ్రమ్ పీచులు లేవడం జుట్టు నెరవడం లాంటిది.

కీలు ఉపరితలం మీది నున్నటి మృదులాస్థి సంగతి వేరు. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. కాబట్టి అది దెబ్బతిన్నప్పుడు మొదట్లో నొప్పి తెలియదు, తర్వాత అది సరిగా మానదు. పదేపదే గూడ జారినవారిలో ప్రతి జారుడూ ఈ పూతను కాస్త గీకిపోతుంది. ఏళ్లు గడిచాక కీలు అరుగుదలగా బయటపడేది ఇదే.

పాత సంగతులు

గూడ ఎక్కించడం మనిషికి చాలా పాత విద్య. ఈజిప్టులో దెయిర్ ఎల్ మదీనా దగ్గరి ఇపుయ్ సమాధి గోడ మీద, సుమారు 3,200 ఏళ్ల కిందటి బొమ్మలో ఒక పనివాడి భుజాన్ని మరొకడు సరిచేస్తున్నాడు. మన సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో భుజం కీలు తప్పితే చంకను రోకలితో పైకెత్తి స్థానానికి తెచ్చి, స్వస్తికం ఆకారంలో కట్టు కట్టమని ఉంది. కీలును వెనక్కి ఎక్కించడం వీళ్లందరికీ తెలుసు. మళ్లీ మళ్లీ ఎందుకు జారుతోందన్న ప్రశ్నకు జవాబు దొరకడానికే వేల ఏళ్లు పట్టింది.

1906లో జర్మనీ శస్త్రవైద్యుడు గియోర్గ్ పెర్టెస్, ముందు అంచు దగ్గర ఊడిపోవడమే మూలమని రాశాడు. లండన్ వైద్యుడు ఆర్థర్ సిడ్నీ బ్లండెల్ బ్యాంకార్ట్ 1923లో, తిరిగి 1938లో అదే మాటను గట్టిగా చెప్పి, ఊడినదాన్ని ఉన్నచోటే తిరిగి కుట్టాలన్నాడు. పేరు ఆయనకే మిగిలింది. బంతి మీది సొట్టను ఎక్స్‌రేల్లో వివరించిన హిల్, శాక్స్ ఇద్దరూ శాన్‌ఫ్రాన్సిస్కో రేడియాలజిస్టులు, అది 1940. పైభాగం చిరుగుల గురించి 1985లో జేమ్స్ ఆండ్రూస్ బృందం విసిరే క్రీడాకారుల్లో రాసింది. 1990లో స్టీఫెన్ స్నైడర్ వాటికి స్లాప్ అని పేరు పెట్టి నాలుగు రకాలుగా విడగొట్టాడు. ఏడు వందలకు పైగా భుజం ఆర్థ్రోస్కోపీలు (కీలులోకి కెమెరా పంపి చూసినవి) తిరగేస్తే ఆయనకు దొరికినవి 27 మాత్రమే. ఈ అంకె గుర్తుంచుకోవాలి, ముందు మళ్లీ పని పడుతుంది.

గుర్తించడం

అప్పుడే గూడ జారిన మనిషిని గుర్తుపట్టడానికి డాక్టరే అక్కర్లేదు. మంచి చేత్తో దెబ్బతిన్న చేతి మోచేతిని కింద నుంచి పట్టుకుని, ఒంటికి కాస్త ఎడంగా ఉంచి, కదలకుండా కూర్చుంటాడు. భుజం గుండ్రం పోయి పైన ఎముక మొన తేలి, దాని కింద వేలు పట్టే గుంట కనిపిస్తుంది. ఆ సమయంలో చేయాల్సింది తువాలుతో జోలె కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లడమే. చుట్టూ మూగినవాళ్లలో ఎవరో ఒకరు 'నేను లాగేస్తా' అని ముందుకొస్తారు. వద్దనాలి. బంతి పక్కనే ఎముక విరిగి ఉండొచ్చు, చంకలో నుంచి పోయే నరం నలిగి ఉండొచ్చు. భుజం బయటి వైపు చర్మం మీద అరచేతి మందాన స్పర్శ తెలియకపోతే ఆ నరానికి దెబ్బ తగిలినట్టు. ఎక్కించకముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి దాన్ని పరీక్షించి కాగితం మీద రాయాలి.

కష్టమంతా తర్వాతి దశలో, కీలు స్థానంలోనే ఉండి లోపల కుదురు తెగినవారి విషయంలో. అక్కడ డాక్టరు దగ్గర మొదటి పది నిమిషాలు మాటలతో గడవాలి. గూడ పూర్తిగా జారిందా, జారబోయి ఆగిందా? దానంతట అదే ఎక్కిందా, ఎవరైనా ఎక్కించారా? మొదటిసారి ఏ వయసులో? ఇప్పటికి ఎన్నిసార్లు? నిద్రలో కూడా జారుతోందా? 'బస్సులో పైరాడ్ పట్టుకుంటే ఊడిపోతుందేమోనని భయంగా ఉంటుంది' అని రోగి అన్నాడంటే స్కానింగ్ కంటే ముందే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టు. ముందు కుదురు ఊడినవారు నొప్పికన్నా ఈ భయాన్నే ఎక్కువ చెబుతారు.

పైభాగం గాయం ఉన్నవారి మాట వేరుగా ఉంటుంది. నొప్పి ఎక్కడంటే వేలు పెట్టి చూపలేరు. బొటనవేలు వెనక, మిగతా వేళ్లు ముందు వచ్చేలా భుజాన్ని మొత్తం పట్టుకుని 'లోపల' అంటారు. చెయ్యి తిప్పినప్పుడు టక్కుమనడం, విసిరేటప్పుడు చేతిలో సత్తువ ఒక్కసారిగా చచ్చిపోయినట్టు అనిపించడం, బౌలింగ్ వేగం కారణం తెలియకుండా పడిపోవడం దీని గుర్తులు. ఒట్టి టక్కుమనే చప్పుడుకు, నొప్పి లేకపోతే, భయపడాల్సిందేమీ లేదు.

ముందు కుదురు కోసం చేసే పరీక్షల్లో ఒకదాన్ని దగ్గర నుంచి చూడటం మేలు. రోగిని పడుకోబెట్టి, చెయ్యి పక్కకు భుజం ఎత్తుకు తెచ్చి, మోచేయి వంచి, నెమ్మదిగా బయటికి తిప్పుతారు. ఒక దశ దగ్గర కుర్రాడి కనుబొమలు ముడిపడతాయి, రెండో చెయ్యి తెలియకుండానే డాక్టరు చేతి మీదికి వస్తుంది. 'నొప్పా?' అంటే 'నొప్పి కాదు సార్, జారిపోద్ది' అంటాడు. అప్పుడు డాక్టరు అరచేత్తో భుజం ముందు భాగాన్ని వెనక్కి అదిమి పట్టి మళ్లీ తిప్పుతారు. ముఖం తేటపడుతుంది, చెయ్యి ఇంకాస్త దూరం వెళ్తుంది. వేళ్లతో తాత్కాలికంగా ఒక కుదురు పెట్టారన్నమాట. ఈ పరీక్షలో భయం కనిపించి, అదిమినప్పుడు పోయిందంటే దాన్ని బాగానే నమ్మవచ్చు. ఒట్టి నొప్పి మాత్రమే ఉంటే అంత నమ్మకం లేదు.

పైభాగం గాయాలకు ఇలాంటి భరోసా ఇచ్చే పరీక్ష లేదు. చెయ్యి ముందుకు చాచి, కాస్త లోపలికి తెచ్చి, బొటనవేలు నేల వైపు తిప్పి ఉంచితే పైనుంచి నొక్కే ఒబ్రయన్ పరీక్ష 1998లో వచ్చింది. మొదట దాదాపు తప్పే పోదన్నంత గొప్పగా ఫలితాలు ప్రకటించారు. తర్వాత చేసినవారెవరికీ ఆ ఫలితాలు రాలేదు. అందుకే అనుభవజ్ఞులు మూడు నాలుగు పరీక్షలు కలిపి చూస్తారు.

లాబ్రమ్ అనుకునేవన్నీ లాబ్రమ్ కావు. మధుమేహం ఉన్నవారికి భుజం అన్ని వైపులా బిగుసుకుపోయి, వేరేవాళ్లు కదిలించినా కదలకపోతే అది ఫ్రోజన్ షోల్డర్. ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేక రాత్రిళ్లు నిద్ర పట్టని అరవై ఏళ్ల వ్యక్తి విషయంలో, బంతిని గుంటలోకి అదిమి పట్టే రొటేటర్ కఫ్ కండరాల టెండన్ల మీద అనుమానం రావాలి. మోచేయి దాటి వేళ్ల దాకా తిమ్మిర్లు పాకితే మెడను చూడాలి. ఎడమ భుజం నొప్పితో పాటు గుండెలో బరువు, చెమటలు ఉంటే భుజం సంగతి పక్కన పెట్టి వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

కొద్దిమందిలో చిరుగు గుండా కీలు ద్రవం బయటికి ఊరి చిన్న బుడగగా తయారవుతుంది. అది రెక్క ఎముక వెనక నరాన్ని నొక్కితే వీపు వైపు కండ కరిగి గుంట పడుతుంది. చొక్కా విప్పించి వెనక నుంచి చూడని పరీక్షలో ఇది దొరకదు.

స్కానింగ్ చెప్పేది, చెప్పనిది

మొదట ఎక్స్‌రే. లాబ్రమ్ అందులో కనపడదు గానీ ఎముక ముక్క ఊడిందా, బంతి సొట్టపడిందా, కీలు స్థానంలో ఉందా అన్నవి తెలుస్తాయి. ఎదురుగా ఒకటి, చంక వైపు నుంచి ఒకటి తప్పనిసరి. లాబ్రమ్‌కు ఎంఆర్ఐ కావాలి. కీలులోకి సూదితో గాడోలినియం కలిపిన ద్రవం ఎక్కించి తీసే ఎంఆర్ ఆర్థ్రోగ్రామ్‌లో చిరుగులోకి ద్రవం దూరి అది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. గూడ జారిన కొద్ది రోజులకే ఎంఆర్ఐ తీస్తే లోపల చేరిన నెత్తురే ఆ పని చేస్తుంది, వేరే ద్రవం అవసరం పడదు. అంచు ఎముక ఎంత పోయిందో కొలవడానికి మాత్రం త్రీడీ సీటీ స్కాన్‌ను మించింది లేదు.

ఇప్పుడు అసలు విషయం. 2016లో అమెరికాలో 45 నుంచి 60 ఏళ్ల మధ్య, భుజం నొప్పే లేని 53 మందికి ఎంఆర్ఐ తీసి, ఇద్దరు రేడియాలజిస్టులకు చూపించారు. ఒకరికి 55 శాతం మందిలో, ఇంకొకరికి 72 శాతం మందిలో పై లాబ్రమ్ చిరుగు కనిపించింది. నొప్పి లేనివారిలోనే సగానికి మించి ఉన్న చిరుగును, నొప్పి ఉన్నవారికి కారణంగా చూపించడం ఎంతవరకు సబబు? యాభై ఏళ్ల వ్యక్తి రిపోర్టులో ఆ మాట కనపడగానే ఆపరేషన్ తేదీ అడగడం తొందరపాటు. స్నైడర్‌కు ఏడు వందల్లో 27 దొరికిన గాయానికి 2000 తర్వాత అమెరికాలో ఆపరేషన్లు విపరీతంగా పెరిగాయి, ఆ తర్వాత వైద్యులే వెనక్కి తగ్గారు. మనుషుల భుజాలు ఆ పదేళ్లలో ఏమీ మారలేదు. మారింది యంత్రాల చూపు, దాన్ని చదివే తీరు.

చికిత్స

మొదటిసారి గూడ జారినవారికి కీలు ఎక్కించాక ఒకటి నుంచి మూడు వారాలు చెయ్యి జోలెలో ఉంచుతారు. అంతకు మించి కట్టి ఉంచినా మళ్లీ జారే అవకాశం తగ్గదు, భుజం బిగుసుకోవడం మాత్రం పెరుగుతుంది. తర్వాత ఫిజియోథెరపీ. బంతిని గుంటలోకి అదిమి పట్టే రొటేటర్ కఫ్ కండరాలకు, రెక్క ఎముకను నిలబెట్టే వీపు కండరాలకు బలం పెంచడం దీని లక్ష్యం. తెగిన కుదురు పని కొంత కండరాలకు అప్పగించడం అన్నమాట. రబ్బరు బ్యాండ్‌తో, మోచేయి ఒంటికి ఆనించి చెయ్యి బయటికీ లోపలికీ లాగే కసరత్తుతో మొదలవుతుంది. చూడటానికి చాలా చిన్నది, అందుకే జనం రెండో వారానికే మానేస్తారు. కనీసం మూడు నెలలు చేయాల్సిన పని అది. పుట్టుకతో కీళ్లన్నీ వదులుగా ఉండి, భుజం అన్ని వైపులా జారేవారికి ఈ వ్యాయామమే ప్రధాన వైద్యం, కత్తి చివరి మాట.

అయితే వయసు అన్నిటినీ తలకిందులు చేస్తుంది. ఇరవై ఏళ్లలోపు, ఒంటికి ఒళ్లు తగిలే ఆటలు ఆడే కుర్రాడికి గూడ ఒకసారి జారిందంటే మళ్లీ జారే అవకాశమే ఎక్కువ. జారిన ప్రతిసారీ అంచు ఎముక అరుగుతుంది, చిన్న ఆపరేషన్‌తో పోయేది పెద్దదవుతుంది. అందుకని ఇలాంటివారికి మొదటి జారుడు తర్వాతే శస్త్రచికిత్స గురించి మాట్లాడటం ఇప్పుడు తప్పు కాదు. అదే నలభై దాటిన మనిషికి మళ్లీ జారడం తక్కువ, కానీ రొటేటర్ కఫ్ తెగి ఉండే అవకాశం ఎక్కువ. రెండు వారాల తర్వాత కూడా చెయ్యి పైకి లేవకపోతే చూడాల్సింది దాన్ని.

ముందు కుదురును అతికించే ఆపరేషన్ ఇప్పుడు చాలావరకు ఆర్థ్రోస్కోపీతోనే జరుగుతోంది. సెంటీమీటరు లోపు గాట్లు రెండో మూడో పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా పంపి, కీలును సెలైన్‌తో నింపుతారు. తెర మీద బంతి ముత్యంలా తెల్లగా మెరుస్తుంది. ముందు అంచు దగ్గర ఉండాల్సిన గట్టు ఉండదు, కిందికి జారి ఎముక మెడకు అడ్డదిడ్డంగా అతుక్కున్న మాంసపు తునకలా కనిపిస్తుంది. ముందు దాన్ని విడదీసి పైకి తేలేలా చేయాలి. తర్వాత అంచు ఎముకను నెత్తురు చిమ్మేదాకా గీకాలి. మానేది కుట్టు వల్ల కాదు, ఆ నెత్తురు వల్ల. మూడు మిల్లీమీటర్లో అంతకన్నా సన్నవో అయిన యాంకర్లను ఎముకలో దించి, వాటికున్న దారాలతో లాబ్రమ్‌ను, దానితో పాటు సాగిన లిగమెంట్లను పైకి లాగి ముడి వేస్తారు. సాధారణంగా మూడు లేదా అంతకు మించి యాంకర్లు పడతాయి. కుదురు మళ్లీ అంచు మీద కూర్చున్నాక, అంతసేపూ ముందుకు ఒరిగి ఉన్న బంతి గుంట నడిమికి వస్తుంది.

గుంట ముందు ఎముకలో అయిదో వంతు, పావు వంతు పోయి ఉంటే ఒట్టి కుట్లు నిలబడవు. పగిలిన పళ్లేనికి అంచు కుట్టినట్టవుతుంది. అప్పుడు రెక్క ఎముక ముందు భాగంలో కాకి ముక్కులా ఉండే కొరకాయిడ్ కొసను కండరంతో సహా కోసి తెచ్చి, అంచు మీద స్క్రూలతో బిగిస్తారు. ఫ్రాన్సులోని లియోన్‌కు చెందిన మిషెల్ లతర్జె 1954లో చెప్పిన పద్ధతి ఇది, ఆయన పేరుతోనే నడుస్తోంది. బంతి మీది సొట్ట పెద్దదైతే వెనక టెండన్‌ను అందులోకి కుట్టి నింపే పద్ధతి కూడా ఉంది.

పైభాగం గాయాలకు దారి వేరు. ముప్పై లోపు ఉండి, విసిరే ఆటలు ఆడి, ఫిజియోథెరపీతో తగ్గనివారికి కుట్టడం ఆలోచించవచ్చు. ముప్పై అయిదు, నలభై దాటినవారిలో కుడితే భుజం బిగుసుకుపోవడం ఎక్కువ. వారికి నొప్పి నిజంగా అక్కడి నుంచే వస్తుంటే కండ టెండన్‌ను పైనుంచి తప్పించి దండచేయి ఎముకకు అతికించడం మేలంటారు చాలామంది. నార్వేలో 118 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు లాబ్రమ్ కుట్టారు, ఒక జట్టుకు టెండన్ మార్చారు, మూడో జట్టుకు గాట్లు పెట్టి లోపల చూసి ఏమీ చేయకుండా మూసేశారు. ఎవరికి ఏం చేశారో రోగులకు చెప్పలేదు. రెండేళ్ల తర్వాత మూడు జట్లూ దాదాపు ఒకేలా ఉన్నాయి. 2017లో అచ్చయిన ఈ పరిశోధనలో పాల్గొన్నవారి సగటు వయసు నలభై, కాబట్టి పద్దెనిమిదేళ్ల జావెలిన్ ఆటగాడికి దీన్ని నేరుగా అన్వయించలేం. మిగతావారి విషయంలో మాత్రం ఆపరేషన్ మాట ఎత్తేముందు ఈ ఫలితానికి జవాబు చెప్పుకోవాల్సిందే.

ఉపరితల మృదులాస్థి దెబ్బతిన్నప్పుడు చేయగలిగింది ఇంకా తక్కువ. వదులుగా వేలాడే పెచ్చులు తీసేయడం, చిన్న గాయమైతే కింది ఎముకకు సన్నటి రంధ్రాలు పెట్టి పీచు మృదులాస్థి పెరిగేలా చేయడం ఉన్నాయి. అలా పెరిగినది అసలుదానంత నున్నగా ఉండదు. మోకాలిలో చేసే మృదులాస్థి మార్పిళ్లు భుజంలో ఇంకా అరుదు. కీలు బాగా అరిగిపోతే చివరికి కీలు మార్పిడే. స్టెరాయిడ్ ఇంజక్షన్ కొన్ని వారాలు నొప్పి తగ్గిస్తుంది, చిరుగును అతికించదు. ప్లేట్‌లెట్ ఇంజక్షన్లకు జరుగుతున్న ప్రచారానికి తగ్గ రుజువు లాబ్రమ్ విషయంలో లేదు.

రాయలసీమలో, తమిళనాడు సరిహద్దులో దెబ్బ తగలగానే పుత్తూరు కట్టు గుర్తుకు రావడం సహజం. విరిగిన ఎముకల కట్టుకు ఆ ఊరికి ఉన్న పేరు తరాలది. కానీ లాబ్రమ్ కీలు లోపల ఉంటుంది, బయట ఎంత బిగించి కట్టినా ఊడిన అంచు తన చోటికి రాదు. కట్టు కట్టించుకున్నా సరే, భుజం విషయంలో ఎక్స్‌రే మాత్రం మానకూడదు.

ఆపరేషన్ తర్వాత

నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి జోలెలో. వేళ్లు, మణికట్టు, మోచేయి మొదటి రోజు నుంచే కదపాలి. చెయ్యి పక్కకెత్తి బయటికి తిప్పే భంగిమ, అంటే గాయమైన భంగిమే, అన్నిటికంటే చివర్న వస్తుంది. ఆరో వారం తర్వాత సొంతంగా ఎత్తడం, మూడో నెల దాటాక బరువులు. కబడ్డీ లాంటి ఆటలకు ఆరు నెలలైనా ఆగాలి, విసిరేవారికి తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా పట్టవచ్చు. ఆరో వారంలో నొప్పి పోతుంది, సమస్య అక్కడే. లాబ్రమ్ ఎముకకు పూర్తిగా అతుక్కోకముందే చెయ్యి బాగున్నట్టు అనిపిస్తుంది. మళ్లీ తెంచుకునేవారిలో చాలామంది ఈ తొందరలో తెంచుకున్నవారే.

క్రికెటర్ శ్రేయస్ అయ్యర్ 2021 మార్చిలో పుణెలో ఇంగ్లండ్‌పై ఫీల్డింగ్ చేస్తూ ఎడమ భుజం జారి, ఏప్రిల్‌లో ఆపరేషన్ చేయించుకుని, సెప్టెంబరులో ఐపీఎల్ ఆడాడు. వికెట్ కీపర్ వృద్ధిమాన్ సాహాకు 2018లో మాంచెస్టర్‌లో లాబ్రమ్ ఆపరేషన్ జరిగింది. ఆ ఏడాది జనవరిలో కేప్‌టౌన్‌లో ఆడినదాని తర్వాత అతని తదుపరి టెస్టు 2019 అక్టోబరులో, మన విశాఖపట్నంలో. ఒకరికి ఆరు నెలల్లోపు, ఇంకొకరికి ఏడాదికి పైగా. పక్కింటి అబ్బాయి ఎన్ని నెలలకు ఆడాడన్న లెక్క ఇందుకే పనికిరాదు.

ఆపరేషన్‌కు చిక్కులూ ఉన్నాయి. బిగుసుకుపోవడం, మళ్లీ జారడం, అరుదుగా ఇన్ఫెక్షన్, యాంకర్ బయటికి పొడుచుకొచ్చి బంతి మృదులాస్థిని గీకడం. నిర్ణయం తీసుకునే ముందు డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు మూడు: నా నొప్పికి ఈ చిరుగే కారణమని ఏ ఆధారంతో అనుకుంటున్నారు? ఎముక ఎంత పోయింది? మూడు నెలలు ఫిజియోథెరపీ చేసి చూస్తే నష్టమేమైనా ఉందా?

గూడ జారినప్పుడు, ఎక్కించక ముందు తీసిన ఎక్స్‌రేను పారేయకండి. బంతి ఏ వైపుకు జారిందో కళ్లకు కట్టే సాక్ష్యం అదొక్కటే. కనీసం దాన్ని ఫోనులో ఫొటో తీసి దాచుకోండి.